జాబితా నిండా పురుగులు, కండె కొసన ఒక్కటి

స్వీట్ కార్న్ చేలో పురుగుల వైవిధ్యం మీద ఏ సర్వే నివేదిక తెరిచినా ముందు కనిపించేది ఓ పెద్ద పట్టిక. వరుస సంఖ్య, పురుగు పేరు, శాస్త్రీయ నామం, కుటుంబం, చివర్లో ‘ప్రధానం’, ‘అప్రధానం’ అని ఒక గడి. పట్టిక ఎంత పొడుగుంటే పని అంత బాగా జరిగినట్టు లెక్క. అది చదివి చేలోకి దిగిన మనిషికి మాత్రం ఇవాళ ఏ ఆకు తిప్పి చూడాలో, ఏ కండె ఒలిచి చూడాలో తెలియదు.

నా వాదన సూటిగా చెప్తాను. ‘ఎన్ని రకాల పురుగులు’ అన్నది సగం సమాచారమే. మిగతా సగం తెలియాలంటే మూడు అడగాలి: పంట వయసెంత, పురుగు మొక్కలో ఏ భాగాన కూర్చుంది, అది తింటున్నది మనం అమ్ముకునే భాగమేనా? ఈ మూడూ లేకుండా రాసిన జాబితా బడి హాజరు పట్టీ లాంటిది. ఎవరొచ్చారో తెలుస్తుంది, ఎవరు అల్లరి చేశారో తెలియదు.

గింజ కోసం వేసే మొక్కజొన్నకీ దీనికీ అసలు తేడా ఇక్కడే. గింజ మొక్కజొన్నలో కండె కొసన నాలుగు గింజలు కొరికినా తూకంలో తెలియను కూడా తెలియదు. స్వీట్ కార్న్‌ను పీచు బయటికొచ్చిన 18 నుంచి 24 రోజుల మధ్య, గింజ పాల మీద ఉండగా, పొట్టుతో సహా కోస్తాం. కొనేవాళ్ళు పొట్టు ఒలిచి చూస్తారు. కొసన ఒక లార్వా, దాని వెనక తడితడిగా పెంట కనిపిస్తే ఆ కండె మొత్తం పక్కకి పోయినట్టే. నష్టాన్ని గ్రాముల్లో కాకుండా కండెల్లో లెక్కపెట్టాల్సిన పంట ఇది. తాజాగా అమ్మే సరుకులో పురుగు పట్టిన కండెలు నూటికి ఐదు దాటితే చాలాచోట్ల బేరం చెడుతుంది. అందుకే గింజ మొక్కజొన్న కోసం తయారైన ‘ప్రధాన పురుగుల’ వరుసను ఎత్తుకొచ్చి ఇక్కడ పెడితే కుదరదు.

వైవిధ్య సూచిక లెక్క

పట్టిక తర్వాత నివేదికలో వచ్చేది షానన్ సూచిక. లెక్క పెద్ద కష్టమేం కాదు. దొరికిన మొత్తంలో ఒక్కో రకం వాటా ఎంతో తీసుకుని, ఆ వాటాను దాని సహజ సంవర్గమానంతో గుణించి, అన్నిటినీ కూడి, ముందున్న రుణ గుర్తు తీసేయాలి. రెండు మడులు ఊహించుకుందాం. రెండూ తాజా పీచు మీద ఉన్నాయి, రెండింట్లోనూ తలా వంద పురుగులు దొరికాయి. మొదటి మడిలో 96 పేనుబంక, 4 కండె తొలిచే పురుగు లార్వాలు. సూచిక సుమారు 0.17. రెండో మడిలో తామర పురుగులు, పచ్చదోమ, మిడతలు, ఆకు గీకే చిన్న గెంతుడు పెంకు పురుగులు, పుప్పొడి తినే పెంకు పురుగులు తలా 20. సూచిక 1.61. సూచిక ప్రకారం రెండోది తొమ్మిది రెట్లు పైగా ‘వైవిధ్యం’ ఉన్న మడి. కానీ ఆ అయిదు రకాల్లో పీచు దశలో కండె కొసలోకి తొలుచుకుపోయేవి లేవు. మొదటి మడిలో ఉన్న నాలుగు లార్వాలంటే నాలుగు కండెలు పోయినట్టు.

పేనుబంకను తలలు లెక్కపెట్టడమూ దండగే. మొక్కజొన్న పేనుబంకలో ఆడవి మగ తోడు లేకుండానే, గుడ్లు పెట్టకుండానే, నేరుగా పిల్లల్ని కంటాయి. ఒక్క తల్లి కొద్ది రోజుల్లోనే గుంపును తయారుచేస్తుంది. వందో వెయ్యో అని రాసుకుంటే వచ్చే లాభమేమీ లేదు. వందలో ఎన్ని మొక్కల జల్లును, అంటే కొసన వచ్చే మగ పూగుత్తిని, సగానికి పైగా కప్పేసిందో రాస్తే పనికొస్తుంది. పుప్పొడి రాలే రోజుల్లో జల్లు జిగురుతో ముద్దకట్టిందంటే పుప్పొడి కిందికి రాలదు, కండెలో గింజలు సరిగా కట్టవు. పుప్పొడి రాలిపోయాక అదే పేనుబంక కనబడితే చాలా సందర్భాల్లో వదిలేయొచ్చు. ఒకే పురుగు, ఒకే సంఖ్య, వారం తేడాలో విలువ తలకిందులైంది చూడండి. పొట్టు మీద మసి పట్టేంత జిగురు కారితే మాత్రం మళ్ళీ సంగతి వేరు, కండె చూపు చెడిపోతుంది.

సూచిక ఎందుకూ కొరగాదని నేననను. మిత్ర పురుగుల విషయంలో దానికి విలువుంది. ఒకే చేలో, ఒకే దశలో, ఒకే పద్ధతిలో తీసిన నమూనాల్లో అక్షింతల పురుగులు, సాలీళ్ళు, లేస్‌వింగ్‌లు, సిర్ఫిడ్ ఈగల వైవిధ్యం మందు కొట్టాక కుప్పకూలితే అది గట్టి హెచ్చరికే. శత్రువునీ మిత్రుడినీ కలిపి ఒక్క అంకె చేసి, ‘ఈ చేలో వైవిధ్యం బాగుంది’ అని ముగించడంతోనే నాకు పేచీ.

ఏ వలకు ఆ చేప

పురుగుల జాబితా నిజానికి చాలావరకు వాడిన ఎరల జాబితా. దీపపు ఎర పెడితే రాత్రి ఎగిరే రెక్కల పురుగులు పడతాయి, అందులో సగం మన చేనుతో సంబంధం లేనివే కావచ్చు. నేలలో గ్లాసు పాతి, అంచు మట్టికి సమంగా పెట్టి, అడుగున సబ్బునీళ్ళు పోస్తే నేల మీద తిరిగే పెంకు పురుగులు, చీమలు, సాలీళ్ళు దొరుకుతాయి. అంచు మట్టి కన్నా అర సెంటీమీటరు ఎత్తున ఉన్నా పట్టుబడి పడిపోతుంది, చాలామంది చేసే తప్పదే. పసుపు జిగురు అట్టలు పచ్చదోమనీ రెక్కల పేనుబంకనీ గెంతుడు పెంకు పురుగుల్నీ పట్టుకుంటాయి. ఊపే వల మోకాలెత్తు పంట దాకా బాగానే పనిచేస్తుంది, ఆ తర్వాత ఆకులకి తగిలి ఆగిపోతుంది. మొక్క నడుమ చుట్టుకుని ఉండే లేత ఆకుల సుడిలో కూర్చున్న కత్తెర పురుగు వలలోకి రాదు. కాండంలో ఉన్న తొలుచు పురుగు ఏ ఎరకూ చిక్కదు, కాండం నిలువునా చీల్చి చూడాల్సిందే. పొట్టు లోపలున్నది పొట్టు ఒలిస్తేనే. కాబట్టి ఎర పేరు, పంట దశ రాయని సర్వేను మరో సర్వేతో పోల్చడం కుదరని పని.

రోజువారీ పనికి ఇంత హంగు అక్కర్లేదు. వారానికి ఒకసారి, పీచు దశలో వారానికి రెండుసార్లు, అంచున నాలుగైదు వరుసలు వదిలి, ఇంగ్లిష్ అక్షరం డబ్ల్యూ గీసినట్టు చేలో నడవండి. అయిదు చోట్ల ఆగి ఒక్కోచోట వరసగా 20 మొక్కలు చూడండి. మొత్తం 100 అవుతాయి గనక లెక్క నేరుగా శాతంలోనే వస్తుంది. మొక్కల్ని ఎంచుకోకూడదు. దెబ్బతిన్న మొక్క కంటికి ముందు ఆనుతుంది, కాలు అటే లాగుతుంది. లెక్క పెరిగిపోయేది అక్కడే.

మొలక దగ్గర

స్వీట్ కార్న్ బలహీనత విత్తనంతోనే మొదలవుతుంది. అతి తీపి రకాల్లో ష్రంకెన్-2 అనే జన్యు మార్పు ఉంటుంది. దానివల్ల గింజలో పిండి తగ్గి చక్కెర నిలుస్తుంది, ఎండాక విత్తనం ముడుచుకుపోయి తేలిగ్గా ఉంటుంది. తిండి నిల్వ తక్కువ గనక చల్లటి తడి నేలలో మొలక నిదానిస్తుంది, విత్తనంలోంచి చక్కెర బయటికి కారుతుంది. మొలకెత్తే విత్తనం, కుళ్ళుతున్న సేంద్రియ పదార్థం, ఈ రెండింటి వాసనకీ వచ్చి మట్టిలో గుడ్లు పెట్టేది విత్తన ఈగ, శాస్త్రీయంగా డీలియా ప్లాట్యూరా. దాని పిల్ల పురుగు గింజ లోపలి మొలకను తినేస్తుంది. పచ్చిరొట్టనో పశువుల ఎరువునో కలియదున్ని వెంటనే విత్తితే ఈగను పిలిచి పీట వేసినట్టే. కనీసం రెండు మూడు వారాలు ఆగాలి, నేల వేడెక్కాక విత్తాలి.

వైర్‌వర్మ్ అనే గట్టి చర్మపు పసుపు పురుగు ఉందో లేదో విత్తక ముందే తెలుసుకోవచ్చు. గోధుమలూ మొక్కజొన్నలూ కలిపి ఒక రోజు నానబెట్టి, గుప్పెడు చొప్పున చేలో అక్కడక్కడా 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతున పాతి, గుర్తు పెట్టి, పైన నల్ల ప్లాస్టిక్ కప్పాలి. వారం పది రోజుల తర్వాత తవ్వి చూస్తే, సగటున గుంటకి ఒక్కటి ఉన్నా జాగ్రత్త పడాల్సిందే. ఈ పని విత్తడానికి రెండు మూడు వారాల ముందే ఎందుకంటే, మొలక వచ్చాక మట్టిలోని పురుగుకి మందు అందించే దారి దాదాపు లేదు. విత్తన శుద్ధి అయినా, మడి మార్చడమైనా ముందే తేలాలి.

మొలకలు పలచబడితే మందు డబ్బా వైపు కాకుండా పార వైపు వెళ్ళండి. ఖాళీ పడిన చోట తవ్వితే గింజ డొల్లగా ఉందా? విత్తన ఈగో వైర్‌వర్మో. గింజే లేదా? పక్షులో ఎలుకలో. మొలక నేలమట్టానికి తెగి పడి ఉందా? చుట్టూ అయిదు సెంటీమీటర్ల మట్టి కెలకండి, గుండ్రంగా చుట్టుకున్న కట్‌వర్మ్ దొరుకుతుంది. పగలు మట్టిలో ఉండి రాత్రి కోసే రకమది. ఇక్కడ ఒక ఊరట ఉంది. మొక్కజొన్న పెరుగుదల మొన అయిదారు ఆకుల దశ దాకా నేల కిందే ఉంటుంది. మొన పైన తెగితే మొక్క మళ్ళీ చిగురిస్తుంది. మొన కింద తెగితే చిగురించదు. తెగిన మొలకలన్నీ పోయినట్టు రాసేసి మళ్ళీ విత్తడం తొందరపాటు, నాలుగు రోజులు ఆగి చూడాలి.

మొవ్వు ఎండిన మొక్క దగ్గరా ఇదే తికమక. లేత దశలో మొవ్వును పట్టి లాగితే సులువుగా ఊడొచ్చి, మొదట్లో కుళ్ళు వాసనొస్తే అది మొవ్వు ఈగ పని. ఆడ ఈగ ఆకు అడుగున ఒక్కొక్కటిగా తెల్లటి పొడుగాటి గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగు సుడిలోంచి కిందికి దిగి పెరుగుదల మొననే కోస్తుంది. మొలిచిన మొదటి మూడు నాలుగు వారాల్లోనే దాని ఆట. మొవ్వు ఎండి, ఆకుల మీద అడ్డంగా వరస చిల్లులుండి, కాండం మీద రంధ్రం, రంపపు పొట్టులాంటి పెంట ఉంటే కాండం తొలుచు పురుగు. ఆకు అడుగున చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చిన గుడ్లు కైలో అనే తొలుచు పురుగు జాతివి. ఆకు తొడుగు లోపల వరసగా దాచిన గుడ్లు గులాబి రంగు తొలుచు పురుగువి. రెండోదాని గుడ్ల దాకా వాటిలో పెరిగి చంపే బదనికలు చేరడం కష్టం, కాబట్టి ట్రైకోగ్రామా అనే ఆ బదనికల కార్డులు కట్టి ఫలితం లేదని నిట్టూర్చే ముందు ఏ పురుగో చూసుకోవాలి.

పట్టికలో ‘పచ్చదోమ జాతులు, అప్రధానం’ అని ఒకే గడి కనబడితే నాకు ఒళ్ళు మండుతుంది. రసం పీల్చడం వరకే అయితే అప్రధానమే. కానీ అమెరికా ఖండాల్లో డాల్బులస్ మైడిస్ అనే దోమ మొక్కను గిడసబార్చే కార్న్ స్టంట్ తెగులును మోస్తుంది. ఆఫ్రికాలో సికడ్యులినా దోమలు చారల వైరస్‌ను మోస్తాయి. ఉత్తర అమెరికాలో గుండుసూది తలంత ఉండే నల్లటి గెంతుడు పెంకు పురుగు స్టీవార్ట్ వాడు తెగులు బ్యాక్టీరియాను మోస్తుంది, దానికి లేత స్వీట్ కార్న్ తొందరగా లొంగుతుంది. చలికాలం వెచ్చగా గడిస్తే ఆ పెంకు పురుగులు ఎక్కువ బతుకుతాయి. అందుకే అక్కడివాళ్ళు డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి సగటు ఉష్ణోగ్రతలు కూడి వచ్చే వసంతంలో తెగులు ఎంతుంటుందో అంచనా వేస్తారు. తెగులు మోసే పురుగు విషయంలో సంఖ్య కన్నా అది మోసేది ఏమిటన్నది ముఖ్యం.

సుడి నుంచి జల్లు దాకా

కత్తెర పురుగు గురించి అందరూ రాశారు, క్లుప్తంగా చెప్తాను. అమెరికా ఖండాల పురుగు 2016లో ఆఫ్రికాలో, 2018లో భారతదేశంలో, 2020లో ఆస్ట్రేలియాలో కనిపించింది. 2015లో రాసిన జాబితాల్లో ఆసియా పొలాల్లో దాని ఊసే ఉండదు. జాబితాలకు తారీఖు ఉండాలనడానికి ఇదొక్కటి చాలు. తల మీద తిరగేసిన వై గుర్తు, తోక దగ్గర చతురస్రంలా నాలుగు చుక్కలు. గుడ్లు వంద రెండొందల గుంపుగా, పైన నూగు కప్పి ఉంటాయి. మొదట ఆకు మీద పచ్చదనం గీకి పల్చటి పొర వదులుతుంది, పెరిగాక సుడిలో దూరి రంపపు పొట్టులాంటి పెంటతో తలుపు వేసుకుంటుంది. తినే ఆకులో అధిక భాగం చివరి దశలోనే తింటుంది. కంటికి కొట్టొచ్చినట్టు చిరిగిన ఆకులు కనిపించేసరికి మందుకు లొంగే వయసు దాటిపోయి ఉంటుంది.

ఆఫ్రికాలో చిన్న రైతుల కోసం వచ్చిన మార్గదర్శకాల్లో తొలి సుడి దశలో నూటికి 20 మొక్కలు, మలి సుడి దశలో 40 మొక్కలు దెబ్బతింటే మందు ఆలోచించమని ఉంటుంది. గింజ పంటకు అది సబబే, మొక్క ఆకు నష్టాన్ని తట్టుకుని కోలుకుంటుంది. స్వీట్ కార్న్‌లో చిక్కు ఏమిటంటే, మలి సుడిలో వదిలేసిన లార్వా అక్కడే ఆగదు. జల్లు పైకి వచ్చేటప్పుడు సుడి విచ్చుకుని దాని ఇల్లు పోతుంది. అది కిందికి పాకి కొత్తగా వస్తున్న కండెలో, చాలాసార్లు పొట్టు పక్కనుంచి తొలుచుకుని, దూరుతుంది. కాబట్టి మలి సుడి లెక్కని ఆకు నష్టంగా చూడకూడదు, పది పదిహేను రోజుల తర్వాతి కండె నష్టంగా చూడాలి. జల్లు తొంగిచూసే నాలుగు రోజులే మంచి అదను. అప్పటిదాకా దాక్కున్న లార్వా బయట పడి తిరుగుతుంది. ఈశాన్య అమెరికాలో స్వీట్ కార్న్ వేసేవాళ్ళు జల్లు దశలో కత్తెర పురుగు, ఐరోపా తొలుచు పురుగు కలిపి నూటికి 15 మొక్కల్లో ఉంటే మందుకు దిగుతారు. గింజ పంట గీతతో పోలిస్తే ఇది ఎంత కిందుందో గమనించండి.

ఆ ఐరోపా తొలుచు పురుగులో ఇంకో తమాషా ఉంది. ఆడది మగదాన్ని పిలిచే వాసన మిశ్రమం తేడాతో దానికి రెండు తెగలున్నాయి. ఒక తెగకి సరిపడే ఎర పెట్టి, రెండో తెగ ఉన్న చేలో బుట్ట ఖాళీగా ఉందని సంతోషించేవాళ్ళు లేకపోలేదు. రెండు బుట్టలు, రెండు ఎరలు పెట్టాలి.

పీచు మీద ఇరవై రోజులు

ఇక అసలు చోటికి వచ్చాం. అమెరికా ఖండాల్లో హెలికోవెర్పా జియా, ఆసియా, ఆఫ్రికా, ఐరోపా, ఆస్ట్రేలియాల్లో మనం శనగపచ్చ పురుగనే హెలికోవెర్పా ఆర్మిజెరా. పేరు వేరైనా చేసే పని ఒకటే. తల్లి పురుగు తాజా పీచు మీద ఒక్కొక్క గుడ్డే పెడుతుంది. అర మిల్లీమీటరు గుడ్డు, మొదట తెలుపు, తర్వాత గోధుమ రంగు వలయం. వేడి రోజుల్లో మూడు రోజులకే పొదుగుతుంది. పుట్టిన లార్వా గంటల్లోనే పీచు వెంట పాకి పొట్టు లోపలికి పోతుంది. లోపలికి పోయిందంటే ఇక ఏ పిచికారీ అందదు. ఒక దాన్నొకటి తినే గుణం ఉండటం వల్ల చివరికి కండెకి ఒకటే మిగులుతుంది. మనకది మేలు చేయదు, ఒక్కటైనా కండె పోయినట్టే గనక.

మందు ఎందుకు విఫలమవుతుందో ఇక్కడే అర్థమవుతుంది. బయటికొచ్చిన తొలి రోజుల్లో పీచు రోజుకి రెండు మూడు సెంటీమీటర్లు పెరుగుతుంది. సోమవారం కొట్టిన మందు సోమవారం నాటి పీచు మీదే ఉంది. గురువారం కొత్తగా పెరిగిన భాగానికి మందు లేదు, గుడ్డు దానిమీదే పడుతుంది. మోతాదు పెంచితే ఈ సమస్య తీరదు, వ్యవధి తగ్గించాలి. నాజిల్ జల్లు మీదికి కాకుండా కండెలున్న ఎత్తులో రెండు పక్కల నుంచీ పడేట్టు తిప్పాలి. పై నుంచి కొట్టిన మందులో ఎక్కువ భాగం పై ఆకుల దగ్గరే ఆగిపోతుంది.

వ్యవధి ఎంతో, ఆడపురుగు వాసన ఎరతో మగవాటిని పట్టే లింగాకర్షక బుట్ట చెప్తుంది. బుట్టను తాజా పీచున్న మడి అంచునే, కండె ఎత్తులో కట్టాలి. పీచు ఎండిన మడిలో వదిలేసిన బుట్ట అబద్ధం చెప్తుంది. ఎర రెండు వారాలకోసారి మార్చాలి. ఈశాన్య అమెరికాలో వాడుకలో ఉన్న కొలమానం ఇదీ: రాత్రికి సగటున 0.2 కన్నా తక్కువ పడితే ఈ పురుగు కోసం మందు అక్కర్లేదు. 0.2 నుంచి 0.5 అయితే ఆరు రోజులకోసారి, 0.5 నుంచి 1 అయితే అయిదు రోజులకి, 1 నుంచి 13 అయితే నాలుగు రోజులకి, 13 దాటితే మూడు రోజులకి. రెండు మూడు రోజులుగా పగటి గరిష్ఠం 27 డిగ్రీలు దాటకపోతే ఒక రోజు పొడిగించొచ్చు. వేడి ఎక్కువుండే ప్రాంతాల్లో ఈ అంకెల్ని యథాతథంగా మోసుకెళ్ళకూడదు గానీ, అందులోని ఆలోచన ఎక్కడైనా నిలుస్తుంది: మందు తేదీని క్యాలెండరు కాకుండా బుట్టా ఉష్ణోగ్రతా నిర్ణయించాలి. రాత్రికి 0.2 అంటే వారానికి ఒకటిన్నర రెక్కల పురుగులు కూడా కాదు. వైవిధ్య పట్టికలో ఆ సంఖ్య కంటికి ఆనదు.

చిన్న మడికి మరో దారి ఉంది. పీచు బయటికొచ్చిన అయిదారు రోజులకి, కొసలు వాడటం మొదలైనప్పుడు, వంటనూనెలో బీటీ అనే బ్యాక్టీరియా మందు కలిపి ఒక్కో కండె పీచు మొదట్లో అర మిల్లీలీటరు చొప్పున వేయడం. చెప్పినంత తేలికైన పని కాదు, కండె కండెకీ చెయ్యి పడాలి. అంతకన్నా ముందే వేస్తే పరాగ సంపర్కం దెబ్బతిని కండె కొస గింజ లేకుండా బోసిగా మిగులుతుంది. పురుగు తప్పిందిగానీ కండె అందం పోయిందని వాపోవడం ఇందులోంచే వస్తుంది. అలాగని పది రోజులు దాటాక వేస్తే లార్వా ఎప్పుడో లోపలికి చేరి ఉంటుంది.

రకం ఎంపికను మందు కన్నా ముందు ఆలోచించాలని నా అభిప్రాయం. కండె కొసను దాటి అయిదారు సెంటీమీటర్లు పొడుగ్గా, బిగుతుగా పొట్టు ఉన్న రకంలో లార్వా ఆ పీచు తింటూ దారిలోనే కొంత కాలం గడుపుతుంది. కొన్ని రకాల పీచులో మేసిన్ అనే పదార్థం ఉంటుంది, తిన్న లార్వా ఎదగదు. మెక్సికో దేశవాళీ జపలోటే చికోకు పేరొచ్చింది ఈ రెండు గుణాల వల్లే. తీపి కోసం, గింజ వరుసల అందం కోసం ఎంచుకున్న రకాల్లో చాలావాటికి కొస పొట్టు పొట్టిగా, వదులుగా ఉంటుంది. కండె కొస బయటికి కనిపించే రకం వేసి, తర్వాత పురుగుని తిట్టుకుని లాభం లేదు.

కండె కొసన పురుగు కనిపిస్తే అన్నీ ఇదే అనుకోవడం ఇంకో పొరపాటు. తల స్పష్టంగా ఉండి కాళ్ళున్న లార్వా అయితే శనగపచ్చ పురుగు జాతో కత్తెర పురుగో. కాళ్ళూ తలా లేని తెల్లటి పిల్ల పురుగులు గుంపుగా ఉంటే పీచు ఈగ. ఫ్లోరిడా, కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా స్వీట్ కార్న్‌లో అది పెద్ద తలనొప్పి. దాని గుడ్లూ పిల్లలూ పొట్టు లోపలే ఉంటాయి గనక మందు పెద్ద ఈగలకే తగులుతుంది. గోధుమ రంగు తల, కాళ్ళు ఉండి తెల్లగా చిన్నగా ఉంటే, పక్కన నల్లటి చిన్న పెంకు పురుగులు తిరుగుతుంటే, రసం పెంకు పురుగులు. ఇవి ఎక్కువగా అప్పటికే లార్వా తొలిచి పులిసిన కండె వాసనకి వస్తాయి గానీ, వీటిలో ఒక జాతి చెక్కుచెదరని కండెలోకీ దూరుతుంది. లార్వాకు కొట్టే బీటీ ఈ రెండింటి మీదా పనిచేయదు. మందు పనిచేయలేదని ఫిర్యాదు చేసే ముందు, ఆ కొసన ఉన్నదానికి కాళ్ళున్నాయా లేవా అని భూతద్దంలో చూడటం అర నిమిషం పని.

పీచును కత్తిరించే పెంకు పురుగులది మరో లెక్క. ఒక్కో పీచు పోగు ఒక్కో గింజకు దారి. అమెరికాలోనూ, 1992లో బెల్‌గ్రేడ్ దగ్గర కనిపించినప్పటి నుంచి ఐరోపాలోనూ ఉన్న వేరు పురుగు పెంకు పురుగులు పుప్పొడి రాలే సమయంలో పీచును పొట్టు దాకా కొరికితే కండెలో గింజలు అక్కడక్కడే కడతాయి. పరాగ సంపర్కం అయిపోయాక అవే పురుగులు, అంతే సంఖ్యలో, ఎండుపీచు కొరికితే ఏమీ కాదు. పేనుబంక దగ్గర చూసిందే ఇక్కడా.

అన్నిటికీ ఒకేసారి

జాబితా చూసి ‘ఇన్ని రకాలున్నాయి, అన్నిటికీ పడేలా ఒకటి కొడదాం’ అనుకున్నప్పుడు చేతికొచ్చేది సింథటిక్ పైరెథ్రాయిడ్, మంచీ చెడూ చూడకుండా పురుగులన్నిటినీ చంపే తరహా మందు. జాబితా పద్ధతి చేసే అసలు హాని ఇదే. పీచు దశలో పుప్పొడి తినడానికి అక్షింతల పురుగులు, ఓరియస్ అనే రెండు మిల్లీమీటర్ల వేట పురుగు చేరతాయి. పీచు మీది గుడ్లను పీల్చేసేది ఈ ఓరియసే. వాటిని తుడిచిపెట్టాక పేనుబంక, నల్లి లేచి కూర్చుంటాయి. నల్లి పురుగు కూడా కాదు, సాలీడు తరహా జీవి. పురుగుల జాబితాలోకే రాని శత్రువు మనమే తెచ్చిపెట్టుకున్నది. పైగా శనగపచ్చ పురుగుకీ దాని అమెరికా చుట్టానికీ పైరెథ్రాయిడ్లను తట్టుకునే గుణం వచ్చి చాలా కాలమైంది. జన్యుమార్పిడి బీటీ రకాల్లోనూ ఇదే కథ. ప్యూర్టోరికోలో 2006లోనే కత్తెర పురుగు ఒక బీటీ ప్రోటీన్‌ను తట్టుకుంది. అమెరికా స్వీట్ కార్న్‌లో పాత తరం బీటీ కండెలు ఇప్పుడు కొసన పురుగుతోనే వస్తున్నాయి.

అందుకే మందు వాడాల్సి వస్తే వరసగా ఒకే తరహావి కొట్టకండి. డయమైడ్‌లు, స్పైనోసిన్‌లు, అవెర్మెక్టిన్‌లు పనిచేసే తీరులో వేరువేరు గుంపులు. ఒక తరం పురుగు మీద ఒక గుంపు, తర్వాతి తరం మీద మరో గుంపు. పుప్పొడి రాలే ఉదయం వేళ తేనెటీగలు జల్లు మీద ఉంటాయి, సాయంత్రం కొట్టండి. కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో లేబుల్ మీద చూడకుండా పీచు దశలో ఏ మందూ ఎత్తకండి. మొత్తం ఇరవై రోజుల కిటికీలో పది రోజులు ఆగమనే మందుకు చోటే ఉండదు.

కోత రోజు ఒక పని మాత్రం మానకండి. కుప్పలోంచి ఏరకుండా వంద కండెలు తీసి ఒలిచి, పురుగు ఎటునుంచి దూరిందో మూడు గడుల్లో రాయండి: కొస, పక్క, తొడిమ. కొస నుంచి అయితే పీచు మీద మందు వ్యవధి తప్పింది, లేదా పొట్టు వదులు. పక్క నుంచి అయితే జల్లు తొంగిచూసినప్పుడు కత్తెర పురుగును వదిలేశారు. తొడిమ వైపు నుంచి అయితే కాండంలో తొలుచు పురుగు ఉండిపోయింది. మూడు గడుల మొత్తాలు చూస్తే వచ్చే పంటలో ఏ వారం ఎక్కువ తిరగాలో తెలిసిపోతుంది. ఒలిచిన కండెల్నీ, కోయకుండా ముదిరినవాటినీ గట్టున పోయకండి. రసం పెంకు పురుగులు పెరిగేది వాటిలోనే. పక్క మడిలో పీచు వచ్చేలోగా చొప్పతో సహా ముక్కలు చేసి దున్నేయండి.